దిమ్మెకు జ్వరం వచ్చిన రోజు

నీళ్ళత్త గోనెపట్టా అంచు పైకెత్తి, మణికట్టు దాకా చెయ్యి లోపలికి దూర్చింది. అరచెయ్యి కాదు, వేళ్ళ వెనకవైపు. పిల్లలకి ఒళ్ళు కాలుతోందేమో చూడ్డానికి నుదుటిమీద ఆనించే చెయ్యి అది. కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టింది. తర్వాత రెండడుగులు పక్కకి జరిగి మళ్ళీ దూర్చింది. దిమ్మె చుట్టూ అలా పన్నెండు చోట్ల చూడాలి. పన్నెండూ చూస్తేగాని ఆవిడకి పొద్దుటి టీ గొంతు దిగదు.

ఊరంతటికీ నీళ్ళు తోడే పెద్ద పంపుని కూర్చోబెట్టడానికి పోసిన కాంక్రీటు దిమ్మె అది. సగం నేలలో ఉంది, సగం పైకి ఉంది. పైకి కనిపించే సగమే నీళ్ళత్త భుజం ఎత్తుంటుంది. పోతకి అచ్చుగా చుట్టూ బిగించిన ఇనప పలకలు, పలకల మీద గోనెపట్టాలు, పైభాగం మీద ప్లాస్టిక్ పట్టా, దానిమీద మళ్ళీ మూడు వరసల గోనెలు. పోసి రెండు రోజులైంది. మొన్న పొద్దున బురదలాగా జారిన సరుకు ఇవాళ మేకు దిగనంత గట్టిపడింది. బయట నోరు తెరిస్తే పొగలొచ్చే చలి. గోనెల కింద మాత్రం జ్వరమొచ్చిన ఒంటి వేడి.

నీళ్ళత్త పొట్టి మనిషి. మొగుడి పాత చొక్కా పైన వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఒక సైజు పెద్దవైన రబ్బరు బూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళలో నానిన వేళ్ళు ఎప్పుడు చూసినా అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ముడతలు పడి ఉంటాయి. కొత్తగా పోసిన కాంక్రీటు ఎండిపోకుండా, బీటలివ్వకుండా వారాల తరబడి తడిపి కాపాడడం ఆవిడ పని. పైపు పట్టుకుని నిలబడడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉంటారు. భవనం పూర్తయి అందరూ వరసగా నిలబడి ఫోటో దిగేనాటికి నీళ్ళత్త ఇంకెక్కడో ఇంకో గోడని తడుపుతూ ఉంటుంది. ఆవిడ ఉన్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. అడిగితే, "నా మొహానికి ఫోటో ఒకటా" అంటుంది. అలా అంటూనే తువ్వాలు సర్దుకుంటుంది, అదీ సంగతి.

"ఎలా ఉందత్తా?" అంటూ మెట్లు దిగి వచ్చింది ఇంజనీరమ్మ. పాతికేళ్ళు కూడా నిండని పిల్ల. ముక్కు చివర ఎర్రగా కందిపోయింది. హెల్మెట్ కిందనుంచి చెవుల మీదికి ఉన్ని టోపీ వేలాడుతోంది. కూలీలు ఆమెని ఎదురుగా మేడం అంటారు, చాటుగా బుల్లి మేడం అంటారు. నీళ్ళత్తకి మాత్రం ఎదురైనా చాటైనా అమ్మాయే.

"జ్వరం తగ్గలేదమ్మాయ్. నిన్నటికన్నా ఒక పిసరు ఎక్కువే ఉంది. అదుగో ఆ మూల మాత్రం చల్లబడింది, రాత్రి గాలికి పట్టా తొలిగినట్టుంది. ఇంకో రెండు గోనెలు కప్పాను."

ఇంజనీరమ్మ దిమ్మెలోంచి బయటికొచ్చిన రెండు తీగల్ని చేతిలోని మీటరుకి తగిలించింది. ఒక తీగ కొస దిమ్మె నడిబొడ్డున ఉంది, రెండోది పైపొరలో. "లోపల అరవై మూడు. పైన నలభై రెండు. తేడా ఇరవై ఒకటి" అంది. ఆ తేడా ఇరవై దాటకూడదని ఆమె గదిలో గోడమీద ఎర్రసిరాతో రాసి పెట్టుకుంది. "మీరు చెప్పిందే కరెక్టు. మళ్ళీ."

"నా చెయ్యికి బ్యాటరీలక్కర్లేదు" అంది నీళ్ళత్త, కాస్త గర్వంగానే.

గర్వం ఉండదా మరి. మొదటి నెల్లో, ఇంకెవరో పోయించిన పునాదుల దగ్గరికి ఈ పిల్ల ఆ మీటరు పట్టుకుని వస్తే నీళ్ళత్తకి ఒళ్ళు మండింది. నా చెయ్యి ఉండగా ఈ డబ్బా ఎందుకని మూతి ముడుచుకుంది. తర్వాత ఒకరోజు, మధ్యాహ్నం ఎండలో గోడకి చేరబడి కూర్చున్నప్పుడు, అసలీ వేడి ఎక్కడినుంచి వస్తుందో ఆ పిల్లే చెప్పింది. సిమెంటూ నీళ్ళూ విడివిడిగా ఉన్నప్పుడు వాటిలో శక్తి ఎక్కువుంటుంది. రెండూ కలిసి కొత్తగా ముడిపడ్డాక అంత శక్తితో పని లేదు. మిగిలిందంతా వేడిగా బయటికి వదిలేస్తాయి. ఎంత గట్టిగా ముడిపడితే అంత వేడి.

"మంట లేదు, పొయ్యి లేదు. అసలు ఆ సిమెంటులోకి శక్తి ఎలా వచ్చింది?" అని అడిగింది నీళ్ళత్త.

"బట్టీలో రాయిని కాల్చారు కదత్తా. అప్పుడు పట్టి ఉంచుకున్నదాంట్లో కొంత ఇప్పుడు ఇచ్చేస్తోంది."

"అయితే మా పెళ్ళి కూడా అంతే. మొదటి ఏడాదంతా ఒకటే సెగ. మా ఇంటి ముందునుంచి వెళ్ళేవాళ్ళు తప్పుకుని వెళ్ళేవాళ్ళు. తర్వాత మెల్లిగా గట్టిపడ్డాం" అంది నీళ్ళత్త.

ఇనప ఊచలు వంచే బావ అది విని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ సైటులో అందరికీ అతను బావే. "నువ్వు చల్లారావని ఎవరన్నారు?" అన్నాడు. నీళ్ళత్త పైపు అతనివైపు తిప్పింది. ఆ రోజునుంచి మీటరంటే ఆవిడకి కోపం పోయింది. పైగా ఆ పిల్ల మధ్యాహ్నాలు బిస్కెట్లతో సరిపెడుతోందని కనిపెట్టి, తన అన్నం డబ్బాతోపాటు ఇంకో డబ్బా తేవడం మొదలుపెట్టింది. మూత పక్కన సొట్టపడిన స్టీలు డబ్బా, ఒకప్పుడు మొగుడిది. ఆయన మేస్త్రీ. పోయి ఆరేళ్ళయింది.

డబ్బాలు పెట్టే కొత్త చోటు కూడా ఆవిడ నిన్ననే కనిపెట్టింది. దిమ్మె పైన ప్లాస్టిక్ పట్టాకీ గోనెలకీ మధ్య దూర్చింది. పొద్దున ఏడింటికి చల్లటి అన్నం, బంగాళాదుంప కూర పెడితే మధ్యాహ్నానికి అప్పుడే పొయ్యిమీంచి దించినట్టుంది. ఇవాళ కూడా రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి, చంటిపిల్లకి కప్పినట్టు గోనె కప్పింది. చేతులు దించేసరికి ఎడమ జబ్బ పీకింది. నిన్నటినుంచీ అలాగే ఉంది. బరువైన పైపు లాగీ లాగీ పట్టేసుంటుందని అనుకుని నాలుగుసార్లు విదిలించింది. మెట్లెక్కితే మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకోవాల్సొస్తోంది.

తొమ్మిదింటికి ఇంజనీరమ్మ ఫోను మోగింది. పెద్దాఫీసులో ఉండే మేనేజరు. ఆయన మాట్లాడితే ఫోను చెవికి ఆనించక్కర్లేదు, అటుపక్క ఇసుక జల్లించేవాళ్ళక్కూడా వినబడుతుంది.

"పదకొండింటికి లారీ వస్తోంది. ఆ ఇనప పలకలన్నీ విప్పించి ఎక్కించెయ్. ఇంకో సైటులో పని ఆగిపోయింది."

"సార్, దిమ్మె ఇంకా బాగా వేడిగా ఉంది. లోపల అరవై మూడు..."

"వేడిగా ఉంటే నీళ్ళు కొట్టించమ్మా! ఆ నీళ్ళావిడని ఎందుకు పెట్టుకున్నాం? రెండు గంటలు చల్లటి నీళ్ళు గట్టిగా కొట్టిస్తే అదే దారికొస్తుంది."

"అలా చేస్తే పైన చల్లబడి ముడుచుకుంటుంది, లోపల అలాగే ఉంటుంది. పగులుతుంది సార్."

"ఇదేమన్నా నీ కాలేజీ అనుకున్నావా? చెప్పింది చెయ్."

ఫోను పెట్టేశాడు. ఇంజనీరమ్మ ఆ ఉద్యోగంలో చేరి మూడు నెలలు కావడానికి ఇంకా పది రోజులుంది. మూడు నెలలూ చూసి, ఉంచుకోవాలో పంపించెయ్యాలో చెబుతామన్నారు. చెప్పేది ఆ మేనేజరే. ఈ దిమ్మె ఆమె చేతిమీదుగా పోసిన మొట్టమొదటి పని. పోసిన రోజు ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మతో అరగంట దీని గురించే చెప్పింది. నీళ్ళత్త పక్కనే ఉండి విని, "మనవడు పుట్టినట్టు చెబుతున్నావేంటమ్మాయ్" అని ఏడిపించింది కూడా.

ఇప్పుడా పిల్ల మొహం చూస్తే నీళ్ళత్తకి ఏడిపించబుద్ధి కాలేదు.

"అత్తా," అంది ఇంజనీరమ్మ చివరికి, ఎటో చూస్తూ. "పట్టాలు తీయించి... నీళ్ళు పట్టండి."

నీళ్ళత్త బూట్లు ఈడ్చుకుంటూ నీళ్ళ ట్యాంకు దగ్గరికి నడిచింది. వాల్వు తిప్పింది. తెరవడానికి కాదు, పూర్తిగా బిగించడానికి. దాని పిడిని ఊడదీసి చొక్కా జేబులో వేసుకుంది. వచ్చి దిమ్మె పక్కన గోనెలకి వీపు ఆనించి కూర్చుంది.

"అత్తా!"

"ముప్ఫై ఏళ్ళలో నీళ్ళు పట్టనని అనడం ఇదే మొదటిసారమ్మాయ్. కూర్చో, ఒక మాట చెప్తా. కూర్చోమంటే!"

ఇంజనీరమ్మ హెల్మెట్ తీసి బోర్లించి దానిమీద కూర్చుంది.

"అప్పుడు నేను పనిలో కొత్త. ఇలాగే చలికాలం. పెద్ద నీళ్ళ ట్యాంకుకి అడుగుభాగం పోశారు, ఇంతంత మందం. మా ఆయనే మేస్త్రీ. రెండోరోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే దానిమీదనుంచి ఆవిర్లు. అయ్యో పాపం, కాలిపోతోందే అనుకున్నా. ఎవరూ చెప్పలేదు తల్లీ, నా అంతట నేనే. నూతిలోంచి తోడి, చల్లటి నీళ్ళు, బిందె మీద బిందె. చెయ్యి నొప్పెట్టేదాకా పోశా. మంచి పని చేశానని మురిసిపోయా కూడా." నీళ్ళత్త వేళ్ళ ముడతలు చూసుకుంది. "సాయంత్రానికి ఈ మూలనుంచి ఆ మూలకి పగులు. నా వేలు దూరింది అందులో."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఎవరు నీళ్ళు పోశారని యజమాని అరిచాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన, 'నేనే పోశాను' అన్నాడు. మేస్త్రీ పని పోయింది. నాలుగేళ్ళు మామూలు కూలీగా ఇసుక మోశాడు. ఇంట్లో నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది, పోట్లాడి ఊరుకునేదాన్ని. ఒకే ఒక్కసారి, అన్నం తింటూ తింటూ, 'జ్వరంతో ఉన్న పిల్లకి దుప్పటి కప్పాలే పిచ్చిదానా' అన్నాడు. అంతే. ఆయన పోయేదాకా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకే చెప్తున్నా, ఆ నీళ్ళు పోసింది నేను."

ఇసుక జల్లెడ చప్పుడు ఆగిపోయి, మళ్ళీ మొదలైంది. నీళ్ళత్త కళ్ళు తుడుచుకుని, చెయ్యి చొక్కాకి రాసుకుంది.

"కాబట్టి ఇది పగలకూడదు. నేను పగలనివ్వను. మీ మేనేజరు అడిగితే, ఆ మొండి ముసల్ది వాల్వు పిడి ఎత్తుకుపోయిందని చెప్పు. నన్నేం చేస్తాడు? పీకేస్తే పీకేస్తాడు. నాకు ఫోటో కూడా లేదు, నోటీసు బోర్డుమీద అంటించడానికి!"

ఇంజనీరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లేచి నిలబడింది. నాలుగడుగులు అటూ ఇటూ నడిచింది. మీటరు ఇంకోసారి చూసుకుని ఫోను తీసింది.

"సార్, పలకలు ఇవాళ విప్పడం లేదు. నీళ్ళు కూడా పట్టడం లేదు... లేదు సార్, ఎవరో కాదు, నేనే వద్దన్నాను. నేనే ఆపించాను. పగిలితే మొత్తం బద్దలుకొట్టి మళ్ళీ పొయ్యాలి, అప్పుడు నెల పోతుంది. ఇప్పుడైతే ఐదు రోజులు. నా పేరుతోనే రాసి పంపిస్తున్నాను సార్. పది రోజుల తర్వాత మీరు ఏం చెప్పినా సరే."

అటునుంచి చాలాసేపు అరుపులు వినబడ్డాయి. ఆమె ఫోను కొంచెం దూరంగా పట్టుకుని, పూర్తయ్యేదాకా విని, "సరే సార్" అని పెట్టేసింది. మళ్ళీ హెల్మెట్ మీద కూలబడింది.

నీళ్ళత్త ఆ పిల్లనే చూస్తోంది. ముప్ఫై ఏళ్ళ కిందట మొగుడు యజమాని ముందు నిలబడి ఇదే మాట అన్నప్పుడు ఆవిడకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇవాళ గుండె నిండిపోయింది. "నిన్ను చెప్పొద్దన్నానా? నా మాట వింటేగా" అని విసుక్కుంది, చేత్తో ఆ పిల్ల వీపు నిమురుతూ.

పదకొండింటికి లారీ వచ్చింది. డ్రైవరు దిగి, గోనెలన్నీ కప్పుకుని కూర్చున్న దిమ్మెనీ, దానికి కాపలా కూర్చున్న ముసలావిడనీ చూసి, "ఏంటి, పెద్దమనిషికి ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. బావ టీ పోసి, "పత్యంలో ఉన్నాడు, పరామర్శించి వెళ్ళు" అన్నాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. మేనేజరు మళ్ళీ రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి చెయ్యలేదు.

మధ్యాహ్నం నీళ్ళత్త గోనె ఎత్తి డబ్బాలు తీసింది. ఇంజనీరమ్మ తన గదిలో ఆ ఉత్తరం రాస్తూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ ఉంది. కిటికీలోంచి పిలిస్తే, "మీరు తినెయ్యండత్తా, నేను ఇది పంపించేసి వస్తా" అంది.

"చల్లారిపోతుందమ్మాయ్!"

"ఐదే ఐదు నిమిషాలు!"

ఆ ఐదు నిమిషాల సంగతి నీళ్ళత్తకి తెలియనిదా. సొట్ట డబ్బాని మళ్ళీ యథాస్థానంలో పెట్టి, గోనె కప్పి, అంచు లోపలికి మడిచింది. తన డబ్బాలోది సగమే తినగలిగింది, ఆకలనిపించలేదు. మిగిలింది సైటు కుక్కకి పెట్టి, డబ్బా కడిగి బోర్లించింది. ఒకసారి దిమ్మె చుట్టూ తిరిగింది. పన్నెండు చోట్లా చెయ్యి పెట్టింది. పొద్దుటి మూల కూడా ఇప్పుడు మిగతా వాటితో సమానంగా వెచ్చగా ఉంది. "ఆఁ, బుద్ధిగా ఉన్నావ్" అంది దానితో.

గాలి తగలనివైపు, గోనెలకి వీపు ఆనించి కూర్చుంది. ఆ వెచ్చదనం చొక్కాలోంచి మెల్లిగా నడుముకి పాకింది. ఎన్నాళ్ళనుంచో పట్టేసిన నడుము. బూట్లు విప్పి కాళ్ళు చాపుకుంది. ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో జబ్బ నొక్కుకుంది. ఊచలు వంచుతున్న బావ అటువైపు వెళ్తూ, "మహారాణీగారు కునుకు తీస్తున్నారా?" అన్నాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి విదిలించి, పొమ్మంది. ఆవిడ ఆఖరున ఎవరితోనైనా మాట్లాడిందంటే అదే.

మూడున్నరకి ఇంజనీరమ్మ మీటరు పట్టుకుని మెట్లు దిగింది. నీళ్ళత్త గడ్డం గుండెమీదికి వాల్చి కూర్చుని ఉంది. లేపడం ఇష్టంలేక నెమ్మదిగా తీగలు తగిలించింది.

"అత్తా, తేడా పద్దెనిమిదికి దిగింది. విన్నారా? పద్దెనిమిది!" అంది, ఆనందం పట్టలేక. ఆవిడ పలకలేదు. ఇంజనీరమ్మ పక్కన గొంతుక్కూర్చుని, వీపు వెనక చెయ్యి వేసి కుదిపింది. వీపు వెచ్చగా ఉంది, హాయిగా నిద్రపోతున్న మనిషి వీపులాగే. అందుకే ఇంకా రెండు నిమిషాలు ఆ పిల్ల కబుర్లు చెబుతూనే ఉంది. ఉత్తరం పంపించేశాననీ, మేనేజరు 'చూద్దాం' అని ఒక్క ముక్క జవాబిచ్చాడనీ, ఆయన నోట అంత చిన్న మాట ఎప్పుడూ వినలేదనీ చెప్పింది. అప్పుడు ఒళ్ళో ఉన్న చెయ్యి పట్టుకుంది. ముడతలు పడ్డ ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

ఆవిడ ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. డాక్టరు వచ్చి వీపు తాకి చూసి, ఒక గంటై ఉంటుందన్నాడు. దిమ్మె సంగతి చెబితే తలూపి, అయితే ఇంకా ముందే అయ్యుండొచ్చన్నాడు. కూతురు కుట్టుపని చేసే చోటునుంచి పరుగున వచ్చింది. తల్లి బూట్లలోని గుడ్డలు తీసి, వాటిని మొహానికి అద్దుకుని ఏడ్చింది. చొక్కా జేబులో వాల్వు పిడి దొరికింది. అదేమిటో తెలియక కూతురు దాన్ని ఇంజనీరమ్మ చేతికిచ్చింది. బావ వెళ్ళి ఇసుక కుప్ప వెనక కూర్చున్నాడు.

ఐదు రోజులయ్యాక పలకలు విప్పుతారు. మేనేజరు స్వయంగా వచ్చి, దిమ్మె చుట్టూ తిరిగి, చిన్న సుత్తితో తట్టి, భూతద్దం పెట్టి వెతుకుతాడు. వెంట్రుకవాసి పగులు కూడా కనబడదు. "పోత బాగా కుదిరింది" అంటాడు, ఎవరివైపూ చూడకుండా. ఇంజనీరమ్మ ఉద్యోగం ఉంటుంది. కానీ అదంతా తర్వాతి మాట.

నీళ్ళత్త పోయిన ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆ పిల్ల ఒక్కతే దిమ్మె దగ్గరికి వచ్చింది. వెలుతురు ఇంకా కొంచెం ఉంది. మీటరు తేలేదు. గోనెపట్టా అంచు పైకెత్తి, వేళ్ళ వెనకవైపు ఆనించి, కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టింది. రెండడుగులు జరిగి మళ్ళీ చూసింది. పదకొండో చోట చేతికేదో గట్టిగా తగిలింది. గోనె మడత విప్పి చూస్తే సొట్టపడిన స్టీలు డబ్బా. రెండు చేతులతో బయటికి తీసింది. అన్నమూ కూరా వేసి, మూత గట్టిగా నొక్కిపెట్టి ఉన్న ఆ డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది.